రికార్డర్ వాయించడమే వృత్తిగా పెట్టుకోవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

రికార్డర్ (నిలువుగా పట్టుకుని ఊదే పాశ్చాత్య పిల్లనగ్రోవి) గురించి నన్ను అడిగే సందేహాలు తిరిగి తిరిగి అవే వస్తున్నాయి. కొన్ని ఇక్కడ లండన్ ట్రినిటీ కాలేజీ పెట్టే గ్రేడ్ సంగీత పరీక్షలు రాస్తున్న పిల్లల తల్లిదండ్రులవి, కొన్ని నెదర్లాండ్స్‌లో, జర్మనీలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలవి, ఎందుకంటే అక్కడ చాలామంది పిల్లల చేతికి మొదట వచ్చే వాయిద్యం ఇదే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఉదాహరణలు ఎక్కువగా డచ్ వాళ్లవే ఉంటాయి, ఈ వృత్తికి ఇప్పుడున్న రూపం చాలావరకు ఆమ్‌స్టర్‌డామ్, హేగ్ నగరాల్లోనే వచ్చింది కాబట్టి.

## మొదలుపెట్టే దశ

స్కూల్లో పిల్లలు ఊదే ప్లాస్టిక్ పిల్లనగ్రోవి కదా, దీంతో కెరీర్ ఏంటండీ?

ప్లాస్టిక్‌ది బడి కోసం చవగ్గా తయారుచేసింది. అసలు వాయిద్యం చెక్కది, దానికి ఐదు వందల ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ చనిపోయాక 1547లో ఆయన ఆస్తికి జాబితా రాస్తే అందులో 76 రికార్డర్లు తేలాయి. ఆ ఆస్థానంలో వాయించడానికి వెనిస్ నుంచి బస్సానో సోదరులను జీతమిచ్చి తెచ్చుకున్నారు. బాహ్ తన బ్రాండెన్‌బర్గ్ కాన్చెర్టోల్లో రెండోదానికి, నాలుగోదానికి దీన్ని వాడుకున్నారు, వివాల్డీ, హాండెల్ దీనికోసం రాశారు, టెలెమాన్ అయితే స్వయంగా వాయించేవారు.

18వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి సంగీతానికి పెద్ద హాళ్లు, పెద్ద ధ్వని కావాల్సి వచ్చి, అడ్డంగా పట్టుకుని ఊదే ఫ్లూట్ దీని చోటు తీసేసుకుంది. ఆ తర్వాత దాదాపు నూట యాభై ఏళ్లు రికార్డర్ మ్యూజియంలకే పరిమితమైంది. 1919లో లండన్ వాటర్లూ స్టేషన్‌లో పాత వాయిద్యాలు తయారుచేసే డోల్మెచ్ కుటుంబం పాత రికార్డర్ ఉన్న సంచి పోగొట్టుకుంది, దాంతో ఆర్నాల్డ్ డోల్మెచ్ కూర్చుని కొత్తది తనే తయారుచేశారు, ఇంగ్లండ్‌లో తయారీ మళ్లీ మొదలైంది అక్కడే. బడి వాయిద్యంగా మారింది ఇంకా తర్వాత. కాబట్టి మీ పాప చేతిలో ఉన్నదాన్ని చూసి మొత్తం వాయిద్యాన్ని అంచనా వేయకండి.

నాకు వేణువు వచ్చు. రికార్డర్ తొందరగా పట్టుబడుతుందా?

కొంతవరకు. ఊపిరి మీద పట్టు, వేళ్ల చురుకు మీకు ముందే ఉంటాయి, అది పెద్ద లాభం. కానీ వేణువులో నాదాన్ని తీర్చేది పెదవి. రికార్డర్‌లో పెదవికి పని లేదు, గాలి సన్నని దారిలోంచి నేరుగా వెళ్లి అంచుకు తగులుతుంది. మీ పెదవి చేసే పనంతా ఇక్కడ ఊపిరి ఒత్తిడి, నాలుక పంచుకోవాలి. మన తుత్తుకారం ఇక్కడ ఎప్పుడో ఒకసారి వాడే అలంకారంగా ఉండదు, దాదాపు ప్రతి స్వరం నాలుకతోనే మొదలవుతుంది, పైగా త, ద, ర, ల లాంటి అక్షరాల్లో ఏది ఎక్కడ వాడాలన్నదే ఒక పెద్ద చదువు.

ఇంకో తేడా ఎడమ బొటనవేలు. వెనకాల ఉన్న రంధ్రాన్ని కొద్దిగా, వెంట్రుకవాసి తెరిస్తే పై స్థాయి స్వరాలు పలుకుతాయి. ఆ తెరవడం ఎక్కువైనా తక్కువైనా స్వరం పగిలిపోతుంది. గమకం అలవాటున్నవాళ్లు మాత్రం స్వరాల మధ్య జారే కొత్త రచనల్లో అందరికంటే ముందుంటారు, ఎందుకంటే రంధ్రాన్ని సగం మూసి జరపడం వాళ్ల వేళ్లకు ముందే తెలుసు.

ఏ వయసులో మొదలుపెట్టాలి? ఇరవై దాటితే ఆలస్యమైనట్టేనా?

సోలో కచేరీలు చేసేవాళ్లలో చాలామంది చిన్నప్పుడే మొదలుపెట్టారు. డెన్మార్క్‌కు చెందిన మికాలా పెట్రి 1958లో పుట్టి 1969లోనే కోపెన్‌హాగెన్ టివోలీ హాల్లో సోలోయిస్ట్‌గా వాయించింది. ఇరవైలో మొదలుపెడితే ఆ దారి కష్టం, అది దాచడం నాకు ఇష్టం లేదు. కానీ ఇంకో వాయిద్యం మీద ఇప్పటికే గట్టి పునాది ఉంటే, స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల పాశ్చాత్య స్వరలిపి) చదవడం వస్తే, టీచర్‌గానో బృందంలో సభ్యులుగానో ఎదిగే అవకాశం తప్పకుండా ఉంది.

మొదట ఏది కొనాలి?

ప్లాస్టిక్ సొప్రానో, అంటే బడి పిల్లల చేతుల్లో కనిపించే చిన్న సైజుది. యమహా, ఆలోస్ లాంటి కంపెనీలవి వెయ్యి రూపాయల అటూ ఇటూ దొరుకుతాయి, ఆ ధరకు అవి చాలా మంచి వాయిద్యాలు. తప్పనిసరిగా చూడాల్సింది ఒక్కటే: బరోక్ ఫింగరింగ్ (వేళ్లు పెట్టే పద్ధతి) ఉన్నదే తీసుకోండి, జర్మన్ ఫింగరింగ్ వద్దు. జర్మన్ పద్ధతిలో మొదటి పాఠాలు తేలిగ్గా అనిపిస్తాయి, ఎందుకంటే ఎఫ్ స్వరానికి వేళ్లు వరుసగా పెడితే చాలు. ఆ సులువుకి మూల్యం తర్వాత ఎఫ్ షార్ప్ దగ్గర, ఇంకా కొన్ని స్వరాల దగ్గర శ్రుతి రూపంలో చెల్లించాల్సి వస్తుంది. వాయిద్యం వెనకాల బి అనో జి అనో అక్షరం ఉంటుంది, బి ఉన్నది అడగండి.

ఏడాదిలోపే దానికంటే ఒక సైజు పెద్దదైన ఆల్టోకు వెళ్లండి. బరోక్ కాలపు (సుమారు 1600 నుంచి 1750 దాకా) సోలో రచనల్లో ఎక్కువ భాగం ఆల్టోకే రాశారు, వృత్తిలో మీ ప్రధాన వాయిద్యం అదే అవుతుంది.

గట్టిగా ఊదితే శ్రుతి పైకి పోతోంది, మెల్లగా ఊదితే దిగిపోతోంది. నా వాయిద్యం పాడైందా?

బాగానే ఉంది. రికార్డర్ స్వభావమే అది: ఊపిరి పెరిగితే ధ్వనితో పాటు శ్రుతి కూడా పెరుగుతుంది. అందుకే హెచ్చుతగ్గులు లేని వాయిద్యం అని దీనికి చెడ్డపేరు వచ్చింది. నేర్పున్నవాళ్లు దీన్ని రెండు రకాలుగా దాటుతారు. ఒకటి, మెల్లగా ఊదేటప్పుడు శ్రుతి దిగకుండా అదే స్వరానికి వేరే వేళ్ల అమరిక వాడతారు, ఇలాంటివి ఒక్కో స్వరానికి చాలానే ఉంటాయి. రెండోది, నిజంగా ధ్వని పెంచకుండానే పెరిగినట్టు వినిపించేలా చేస్తారు: స్వరాన్ని కాస్త పొడిగించడం, ముందు స్వరాన్ని తుంచడం, నాలుక ఒత్తిడి మార్చడం. వినేవాళ్ల చెవి దాన్ని బలంగానే తీసుకుంటుంది. నాకు ఈ వాయిద్యంలో అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే, ఇంత చిన్న పరిధిలో ఇంత మాట్లాడించగలగడం.

## చదువు దశ

దీనికోసం ఎక్కడ చదవాలి?

డిగ్రీ స్థాయిలో యూరప్ వెళ్లడం దాదాపు తప్పదు. ఆమ్‌స్టర్‌డామ్ కన్జర్వేటరీ (సంగీత కళాశాల) పాత సంగీతం, అంటే సుమారు 1750కి ముందటిది, కొత్త సంగీతం రెండింటికీ పేరున్న చోటు. హేగ్‌లోని రాయల్ కన్జర్వేటరీ పాత సంగీతానికి బలమైనది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో 1933లో పెట్టిన స్కోలా కాంటోరమ్ పూర్తిగా పాత సంగీతం కోసమే ఉంది, మధ్యయుగపు సంగీతం దాకా లోతుగా వెళ్లాలంటే అదే. సాల్జ్‌బర్గ్‌లో మొజార్టియమ్, బ్రెమెన్, లండన్‌లో రాయల్ అకాడమీ కూడా ఉన్నాయి.

నెదర్లాండ్స్‌లో బ్యాచిలర్స్ నాలుగేళ్లు, మాస్టర్స్ రెండేళ్లు. యూరప్ బయటివాళ్లకు అక్కడ ఫీజు బాగా ఎక్కువ. జర్మనీలో ప్రభుత్వ సంగీత కళాశాలల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు, బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం బయటి దేశాలవాళ్ల దగ్గర తీసుకుంటారు, జర్మన్ భాష కూడా రావాలి. నా సలహా ఒక్కటే: ఊరిని చూసి ఎంచుకోకండి, గురువును చూసి ఎంచుకోండి. చాలామంది టీచర్లు వేసవి కోర్సులు నడుపుతారు. దరఖాస్తు పెట్టేముందు ఒక్కసారైనా వాళ్ల దగ్గర కూర్చుని పాఠం చెప్పించుకుంటే, నాలుగేళ్లు ఆ మనిషితో గడపగలరో లేదో మీకే తెలిసిపోతుంది.

ఆడిషన్‌లో ఏం వాయించమంటారు?

సాధారణంగా వేర్వేరు కాలాల రచనలు అడుగుతారు. 17వ శతాబ్దం నుంచి ఒకటి, అంటే డచ్ సంగీతకారుడు వాన్ ఐక్ వేరియేషన్లు (ఒకే పాటను రకరకాలుగా అల్లినవి) గానీ, కాస్టెల్లో లాంటి ఇటాలియన్ల సొనాటా గానీ. తర్వాత టెలెమాన్, హాండెల్ కాలపు సొనాటా ఒకటి. చివరగా 1960 తర్వాత రాసింది ఒకటి. మనవాళ్లు తడబడేది ఈ చివరి దగ్గర, ఎందుకంటే గ్రేడ్ పరీక్షల్లో మంచి మార్కులు వచ్చినవాళ్లు కూడా ఆధునిక రచన ఒక్కటైనా చేసి ఉండరు. వీటితో పాటు విని స్వరం గుర్తుపట్టడం, చూడగానే చదివి వాయించడం, థియరీ ఉంటాయి.

ఎన్ని వాయిద్యాలు కొనాలి? మొత్తం ఎంతవుతుంది?

ఈ వృత్తిలో టెన్షన్ పెట్టే విషయం ఇది. వయొలిన్ వాళ్లకు ఒక్క మంచి వాయిద్యం ఉంటే చాలు, రికార్డర్ వాళ్లకు అలా కుదరదు. మొదటి కారణం సైజులు, చిన్నదాని నుంచి పెద్దదానికి: సొప్రానినో, సొప్రానో, ఆల్టో, టెనార్, బాస్, ఇంకా పెద్దవి. రెండో కారణం శ్రుతి స్థాయి. ఆధునిక వాయిద్యాలతో వాయించాలంటే ‘ఎ’ (A) అనే స్వరం 440 హెర్ట్జ్, బరోక్ బృందాలు ఎక్కువగా 415, ఫ్రెంచ్ సంగీతానికి 392, వెనిస్ సంగీతానికి 466 వాడే బృందాలూ ఉన్నాయి. మూడోది లోపలి బోలు ఆకారం: రినైసాన్స్ కాలపువి (15, 16 శతాబ్దాలవి) వెడల్పుగా, కింది స్వరాలు నిండుగా పలికేవి, బరోక్‌వి కిందికి పోయేకొద్దీ సన్నబడేవి. ఒకదాని సంగీతం ఇంకోదాని మీద వాయించవచ్చు గానీ రుచి మారిపోతుంది.

చేత్తో చేసిన మంచి ఆల్టో రెండు మూడు వేల యూరోలు అవుతుంది. పేరున్న తయారీదారుల దగ్గర ఆర్డర్ ఇచ్చాక చాలాకాలం ఎదురుచూడాలి. కాలేజీలో చేరే రోజుకి 440లో ఒక చెక్క ఆల్టో, 415లో ఒకటి ఉంటే సరిపోతుంది. మిగతావి చాలా కన్జర్వేటరీలు విద్యార్థులకు అరువిస్తాయి, టెనార్, బాస్ లాంటివి ముఖ్యంగా. మొదటి ఏడాదే అప్పుచేసి అన్నీ కొనకండి.

కొత్త చెక్క రికార్డర్ చీలిపోతుందని భయంగా ఉంది. ఎలా చూసుకోవాలి?

మొదటి కొన్ని వారాలు రోజుకు పది పదిహేను నిమిషాలకు మించి ఊదకండి, తర్వాత మెల్లగా పెంచండి. చెక్క తేమకు అలవాటు పడాలి. ఊదేముందు తల భాగాన్ని చేతుల మధ్యో చంకలోనో పెట్టి వెచ్చబరిస్తే లోపల నీటి చుక్కలు చేరడం తగ్గుతుంది. వాయించాక తుడిచి, పెట్టె వెంటనే మూసేయకుండా ఆరనివ్వండి. మన వేసవిలో పార్క్ చేసిన కారులో మాత్రం ఒక్క గంట కూడా వదలొద్దు.

పాత సంగీతం చదవడమంటే మూడు వందల ఏళ్ల పుస్తకాలు తిరగేయడమేనా? వాయిస్తే చాలదా?

చాలదు, ఎందుకంటే కాగితం మీద ఉన్నది సగమే. 1535లో వెనిస్‌లో సిల్వెస్ట్రో గనాసీ రికార్డర్ మీద ఒక పుస్తకం అచ్చువేశారు. అందులో ఆయన వాయించేవాళ్లకు ఆదర్శంగా చూపించింది మనిషి గొంతును, మాటలోని భావాన్ని ఊపిరితోనూ నాలుకతోనూ అనుకరించమంటారు, ఒక చిన్న స్వర వరుసను ఎన్ని రకాలుగా అల్లవచ్చో పట్టికలు ఇస్తారు. 1707లో పారిస్‌లో ఒత్తెతేర్ రాసిన పుస్తకం తు, రు అనే నాలుక అక్షరాలు ఎక్కడ ఏది పడాలో చెబుతుంది. అవి తెలియకుండా ఫ్రెంచ్ సంగీతం వాయిస్తే స్వరాలన్నీ సరిగ్గా ఉండి కూడా నడక రాదు. గురుముఖంగా వచ్చే సంగీతం మనది, మధ్యలో తెగకుండా వచ్చింది. వాళ్ల పరంపర తెగిపోయింది కాబట్టి పుస్తకాలనే గురువులుగా పెట్టుకోవాల్సి వచ్చింది.

## వృత్తి దశ

ఆర్కెస్ట్రాలో ఉద్యోగం దొరుకుతుందా?

సింఫనీ ఆర్కెస్ట్రాలో రికార్డర్‌కు శాశ్వతమైన కుర్చీ లేదు. బరోక్ ఆర్కెస్ట్రాల్లో కూడా అవసరమైనప్పుడే పిలుస్తారు: బాహ్ నాలుగో బ్రాండెన్‌బర్గ్ ఉంటేనో, ఆయనదే మాథ్యూ పాషన్ అనే పెద్ద గానరచన ఉంటేనో. బాహ్ 106వ కాంటాటాలో (చర్చి కోసం రాసిన గానరచన) వయొలిన్లే ఉండవు, రెండు రికార్డర్లు, రెండు వయోలా డ గాంబాలు (మోకాళ్ల మధ్య పెట్టుకుని కమానుతో వాయించే పాత తంత్రీ వాయిద్యాలు) గొంతుల వెనక నడుస్తాయి. అలాంటి రచన కోసం పిలుపు వస్తే ఆ వారం ఎవరికీ మర్చిపోలేనిదే. కానీ అలాంటి పిలుపుల మీదే ఇల్లు గడవదు, ఒక్క రచన కోసం ఇద్దరిని పిలవడం ఖర్చు అని ఓబో (ఇంకో ఊదే వాయిద్యం) వాళ్లతోనే వాయించేసే బృందాలూ ఉన్నాయి. అందుకే చాలామంది బరోక్ ఓబోనో, అడ్డ ఫ్లూటో, బసూనో రెండో వాయిద్యంగా నేర్చుకుంటారు.

మరి డబ్బు ఎలా వస్తుంది?

ముక్కలు ముక్కలుగా. సంగీత బడిలో పాఠాలు, ప్రైవేటు శిష్యులు, సొంత బృందం కచేరీలు, వేసవి కోర్సులు, కొద్దిమందికి రికార్డింగ్‌లు. వీటిలో నమ్మకంగా నెలనెలా వచ్చేది పాఠాల డబ్బే, పెద్ద పేరున్నవాళ్లకు కూడా. పాఠం చెప్పడం ఇష్టంలేని వాళ్లకు ఈ వృత్తి చాలా కష్టంగా ఉంటుంది.

ఇది కొత్తగా వచ్చిన పరిస్థితి కూడా కాదు. 17వ శతాబ్దంలో ఊట్రెక్ట్‌లో యాకొబ్ వాన్ ఐక్ అనే అంధ సంగీతకారుడు ఉండేవారు. ఆయన అసలు ఉద్యోగం చర్చి గంటలు వాయించడం. సాయంత్రాలు చర్చి ఆవరణలో నడిచేవాళ్లను తన చిన్న పిల్లనగ్రోవితో అలరించాలన్న షరతుతో ఆయన జీతం పెంచారు. సోలో రికార్డర్‌కు ఒకే వ్యక్తి నుంచి వచ్చిన అతి పెద్ద సంకలనం ఆయనదే, ఇవాళ్టికీ ప్రతి విద్యార్థీ దానితోనే తంటాలు పడతాడు.

అందరూ ఫ్రాన్స్ బ్రుఖెన్ పేరు చెబుతారు. ఆయన ఏం చేశారు?

1934లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టి, 21 ఏళ్లకే హేగ్ రాయల్ కన్జర్వేటరీలో ప్రొఫెసర్ అయ్యారు. అప్పటిదాకా రికార్డర్ అంటే బడి వాయిద్యం, లేదంటే అభిరుచి ఉన్నవాళ్లు ఆదివారాలు కలిసి వాయించుకునేది. ఆయన దాన్ని ఒంటరిగా వేదిక నింపగల వాయిద్యం చేశారు. మ్యూజియంలలో ఉన్న 18వ శతాబ్దపు వాయిద్యాలను తీసి వాయించారు. అదే సమయంలో తన కాలపు స్వరకర్తలతో కొత్తవి రాయించారు, 1966లో లూచానో బేరియో రాసిన జెస్టి ఆయన కోసమే. 1972లో కేస్ బూకె, వాల్టర్ వాన్ హావెలతో సౌర్ క్రీమ్ అనే త్రయం మొదలుపెట్టారు. 1981లో పద్దెనిమిదో శతాబ్దపు ఆర్కెస్ట్రా పెట్టి క్రమంగా ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టర్‌గా మారారు. 2014లో చనిపోయారు.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు, వాళ్ల శిష్యులు యూరప్ అంతా టీచర్లయ్యారు. అదే దేశంలో తర్వాతి తరంలో ఎరిక్ బోస్‌గ్రాఫ్ వాన్ ఐక్ రచనలు ఎంత ఇష్టంగా వాయిస్తారో, ఆధునిక ఫ్రెంచ్ స్వరకర్త పియెర్ బూలేజ్ క్లారినెట్ రచనను ఎలక్ట్రానిక్స్‌తో రికార్డర్‌కు మార్చి అంతే ఇష్టంగా వాయించారు. వయసులో ఇంకా చిన్నదైన లూసీ హోర్ష్ డెక్కా అనే రికార్డింగ్ కంపెనీతో ఒప్పందం మీద ఆల్బమ్‌లు చేస్తోంది, బ్రుఖెన్ సేకరించిన పాత వాయిద్యాల మీదే ఒక ఆల్బమ్ వాయించింది.

పాత సంగీతమంటే ప్రాణం. కానీ ఆధునిక రచనలు గోలగా అనిపిస్తాయి. అవీ వాయించాల్సిందేనా?

కన్జర్వేటరీలో వాయించాల్సిందే. ఆ తర్వాత మీ ఇష్టం. కానీ ఒక విషయం ఆలోచించండి. పియానోకు, వయొలిన్‌కు ఉన్న మొజార్ట్, బీథోవెన్, బ్రాహ్మ్స్ మనకు లేరు. దాదాపు 1750 నుంచి 1930 దాకా మన అల్మారాలో పెద్దగా ఏమీ లేదు. ఆ ఖాళీని వెనక్కి వెళ్లి ఎవరూ పూడ్చలేరు, ముందుకే పూడ్చాలి. అందుకే పాత సంగీతాన్ని అంతగా ప్రేమించినవాళ్లే బతికున్న స్వరకర్తల తలుపులు తట్టారు. నా దృష్టిలో ఇవి రెండు కెరీర్లు కావు. రాసింది తక్కువ, మిగతాది నువ్వే కనిపెట్టుకో అన్న స్థితి రెండింటిలోనూ ఒకటే, 1535 నాటి పట్టిక ముందు కూర్చున్నా నిన్న రాసిన కాగితం ముందు కూర్చున్నా.

మొదటిసారి వినేవాళ్లు జపాన్ స్వరకర్తల దగ్గర మొదలుపెట్టండి. ర్యోహెయ్ హిరోసె 1975లో రాసిన మెడిటేషన్‌లో షకుహాచి అనే వాళ్ల వెదురు వేణువు ఛాయ ఉంటుంది. జారే స్వరాలు, ఊపిరి చప్పుడు వినిపిస్తాయి. వేణువు విన్న చెవికి అది పరాయిగా తోచదు.

ఆ కొత్త రచనల్లో అసలు ఏం చేస్తారు?

ఊదుతూనే గొంతుతో పాడటం, ఒకే వేళ్ల అమరికలో రెండు మూడు స్వరాలు కలిపి పలికించడం, నాలుకను గరగరలాడించడం, ముక్కుతో గాలి తీసుకుంటూ ఆగకుండా ఊదడం, తల భాగాన్ని మాత్రమే వాయించడం. బేరియో రచనలో వేళ్ల పని, నోటి పని విడదీసి రాశారు కాబట్టి బయటికి ఏ శబ్దం వస్తుందో వాయించేవాళ్లకే ముందు తెలియదు. మాకోతో షినోహారా 1968లో రాసిన ఫ్రాగ్మెంటెలో ముక్కల క్రమాన్ని వాయించేవాళ్లు ఎంచుకుంటారు. మాకి ఇషీ రాసిన బ్లాక్ ఇంటెన్షన్‌లో ఒకేసారి రెండు రికార్డర్లు నోట్లో పెట్టుకోవాలి, అరవాలి, పెద్ద కంచు పళ్లేన్ని మోగించాలి. పేట్‌జోల్డ్ అనే చతురస్రాకారపు పెద్ద బాస్ రికార్డర్లు వచ్చాక, వాటి లోపలి చప్పుళ్లకు మైకు పెట్టి ఎలక్ట్రానిక్స్‌తో కలిపే రచనలు బాగా పెరిగాయి.

పోటీల్లో గెలవడం తప్పనిసరా?

తప్పనిసరి కాదు, కానీ పరిచయాలు అక్కడే అవుతాయి. ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన ‘లోకి స్టార్‌డస్ట్’ అనే రికార్డర్ క్వార్టెట్ (నలుగురి బృందం) 1981లో బెల్జియంలోని బ్రూజ్ పోటీతోనే వెలుగులోకి వచ్చి 2007 దాకా కలిసి వాయించింది. మీ చేతిలో సొంత కార్యక్రమం ఉంటే పోటీ లేకుండానే సంగీత ఉత్సవాల నిర్వాహకులు పలుకుతారు. ఊట్రెక్ట్ పాత సంగీత ఉత్సవం అందులో పెద్దది.

నాకోసం ఎవరైనా కొత్త రచన రాయాలంటే ఏం చేయాలి?

పేరున్నవాళ్లకు ఉత్తరాలు రాయడం కంటే, మీ కాలేజీలోనే కాంపోజిషన్ చదువుతున్న వాళ్లతో టీ తాగండి. వాళ్లకు ఈ వాయిద్యం ఏం చేయగలదో తెలియదు. రెండు గంటలు కూర్చుని ప్రతి శబ్దం వినిపించండి, వేళ్ల పటాలు ఇవ్వండి. ఎన్నిసార్లు, ఎక్కడ వాయిస్తారో ముందే మాట ఇవ్వండి, ఒక్కసారి వాయించి మూలన పడేస్తే రెండోసారి ఎవరూ రాయరు. మికాలా పెట్రి కోసం నూటికి పైగా రచనలు వచ్చాయంటే, ఆమె వాటిని మళ్లీ మళ్లీ వాయించి, 2006లో సొంత రికార్డింగ్ లేబుల్ పెట్టి రికార్డు చేయడం పెద్ద కారణం.

ఎక్కువసేపు వాయిస్తే కుడి బొటనవేలు నొప్పెడుతోంది. మామూలేనా?

వాయిద్యం బరువంతా ఆ వేలి మీద పడితే నొప్పి వస్తుంది. బొటనవేలి ఆధారం పెట్టించుకోండి, టెనార్‌కైతే మెడపట్టీ వాడండి. నొప్పి రెండు వారాలు దాటితే సాధన ఆపి డాక్టర్‌కు చూపించండి. సొప్రానినో రోజూ సాధన చేసేవాళ్లు చెవుల్లో ప్లగ్‌లు పెట్టుకోవడం మంచిది.

చదువు అయ్యాక ఇండియాకి తిరిగొస్తే పని ఉంటుందా?

కచేరీలతో బతకడం కష్టం. ఇక్కడ బరోక్ బృందాలు చాలా తక్కువ. పాఠాలకు మాత్రం చోటుంది: ఇంటర్నేషనల్ స్కూళ్లు, పాశ్చాత్య సంగీత అకాడమీలు, గ్రేడ్ పరీక్షలకు తయారయ్యే పిల్లలు. రికార్డర్ బాగా వచ్చిన టీచర్లు ఇక్కడ అరుదు, చాలాచోట్ల కీబోర్డ్ టీచరే దీన్నీ నేర్పేస్తుంటారు. వెస్టర్న్ ఫ్లూట్ కూడా నేర్పగలిగితే శిష్యులు ఎక్కువమంది వస్తారు. నలుగురు పిల్లలకు నాలుగు సైజులు నేర్పితే క్వార్టెట్ తయారైపోతుంది, మొదటి కచేరీకి హాలు కూడా అక్కర్లేదు, ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ చాలు. ఆ గదిలో ప్రతిధ్వని ఎలా ఉందో ముందురోజే వెళ్లి వాయించి చూసుకోండి, ఏసీ గాలి నేరుగా వాయిద్యాల మీదికి రాకుండా కుర్చీలు వేయించండి.